అమెరికా కమ్యూనిటీ కాలేజీలో హ్యూమన్ సర్వీసెస్ చదవాలంటే: దరఖాస్తు నుంచి మొదటి ఉద్యోగం దాకా

"నాకు కంప్యూటర్ కోర్సుల మీద మనసు లేదండీ. మనుషులకు పనికొచ్చే ఉద్యోగం చేయాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?" అమెరికాలో ఉంటున్న తెలుగువాళ్లు, ముఖ్యంగా పిల్లలు బడికి వెళ్లడం మొదలయ్యాక కాస్త తీరిక దొరికిన తల్లులు, నన్ను పదేపదే అడిగే ప్రశ్న ఇది. అందరికీ విడివిడిగా చెప్పే బదులు వరసగా రాస్తున్నాను.

హ్యూమన్ సర్వీసెస్ అంటే కష్టంలో ఉన్న మనిషి పక్కన నిలబడి, అవసరమైన సాయం చేతికి అందేదాకా వెంట ఉండే పని. గృహహింస బాధితుల ఆశ్రయాలు, వృద్ధుల కేంద్రాలు, మత్తు విముక్తి కేంద్రాలు, వికలాంగుల సేవా సంస్థలు, కౌంటీ సంక్షేమ కార్యాలయాలు ఈ చదువు చదివినవాళ్లకు ఉద్యోగాలిస్తాయి. కమ్యూనిటీ కాలేజీలో ఇది రెండేళ్ల అసోసియేట్ డిగ్రీ, సుమారు 60 క్రెడిట్లు (కోర్సుల బరువు లెక్కించే యూనిట్లు). ఇంకా తక్కువ కాలంలో ముగిసే సర్టిఫికెట్లూ ఉన్నాయి.

జీతం సంగతి ముందే చెప్పాలి. అమెరికా కార్మిక గణాంకాల సంస్థ లెక్కల్లో 2023 మేలో సామాజిక, మానవ సేవల సహాయకుల మధ్యస్థ జీతం ఏడాదికి 41 వేల డాలర్ల పైచిలుకు. సాఫ్ట్‌వేర్ జీతాలతో పోల్చుకుని వస్తే నిరాశ తప్పదు. అది తెలిసీ రావాలనుకునేవాళ్ల కోసమే మిగతాదంతా.

దగ్గర పెట్టుకోవలసినవి

పాస్‌పోర్టు, వీసా పత్రాలు, ఐ-94 (అమెరికాలోకి ప్రవేశించిన రికార్డు). పదో తరగతి, ఇంటర్ మార్కుల జాబితాలు. డిగ్రీ ఉంటే దాని మార్కుల జాబితాలు, పట్టా. మీరు ఆ రాష్ట్రంలోనే ఉంటున్నారని చూపే అద్దె ఒప్పందం, కరెంటు బిల్లు. టీకాల రికార్డు. డ్రైవింగ్ లైసెన్సు. చివరిది చాలామంది పట్టించుకోరు గానీ, ఈ రంగంలో చాలా ఉద్యోగ ప్రకటనలు లైసెన్సు అడుగుతాయి. కారు నడపడం రాకపోతే చదువుతోపాటే నేర్చుకోండి.

1. మీ వీసా ఏమి ఒప్పుకుంటుందో తేల్చుకోండి

కాలేజీ వెతకడం కంటే ముందు చేయాల్సిన పని ఇది. ఈ కోర్సులో ఫీల్డ్‌వర్క్ (ఏదైనా సంస్థలో సూపర్‌వైజర్ కింద చేసే పని) తప్పనిసరి కాబట్టి వీసా చిక్కు చివరి సెమిస్టర్‌లో బయటపడితే అప్పటిదాకా చదివినదంతా ఆగిపోతుంది.

హెచ్‌4 (హెచ్‌1బి ఉద్యోగి కుటుంబానికిచ్చే వీసా) మీద ఉంటే పూర్తికాలమైనా, ఒకటి రెండు కోర్సులైనా చదువుకోవచ్చు, ఎఫ్‌1కు (విద్యార్థి వీసాకు) మారనక్కర్లేదు. కానీ జీతానికి పని చేయాలంటే ఈఏడీ (ఉద్యోగ అనుమతి కార్డు) ఉండాలి. మీ జీవిత భాగస్వామికి ఐ-140 (గ్రీన్‌కార్డు కోసం వేసే వినతి) ఆమోదం వచ్చి ఉన్నా, ఆరేళ్లు దాటి హెచ్‌1బి పొడిగింపు దొరికినా ఈఏడీకి దరఖాస్తు చేయవచ్చు. ఈ వెసులుబాటు 2015 నుంచి ఉంది. ఎల్‌2 (కంపెనీ బదిలీ మీద ఎల్‌1తో వచ్చినవాళ్ల కుటుంబ వీసా) మీద ఉన్న జీవిత భాగస్వాములకు చదువు, ఉద్యోగం రెండూ కుదురుతాయి. ఎఫ్‌1 విద్యార్థులు సెమిస్టర్‌కు 12 క్రెడిట్లు తీసుకోవాలి. ఏడాది చదువు పూర్తయ్యాక సీపీటీ (చదువులో భాగంగా చేసే పనికి అనుమతి), కోర్సు ముగిశాక ఓపీటీ (చదివిన రంగంలో పని అనుభవానికి అనుమతి) ద్వారా పని చేయవచ్చు. హెచ్‌4 వాళ్లకు సీపీటీ, ఓపీటీ రెండూ లేవు.

హెచ్చరిక: ఈఏడీ లేకుండా హెచ్‌4 మీద ఉన్నవాళ్లు "ఫీల్డ్‌వర్క్‌కు జీతం ఇవ్వరు కదా, పరవాలేదు" అనుకుని ముందుకు వెళ్లకండి. జీతం లేకపోయినా ప్రయాణ ఖర్చులో, చిన్న గౌరవ వేతనమో ఇచ్చే చోట్లు ఉంటాయి. కాలేజీ అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయాన్ని, వలస చట్టాల న్యాయవాదిని అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. స్నేహితురాలు చేసింది కాబట్టి మనకూ కుదురుతుందనుకోవడం పెద్ద పొరపాటు; వీసా నిబంధనలు మారుతూనే ఉంటాయి.

2. ఎక్కడిదాకా వెళ్లాలో తేల్చుకుని వెనక్కి లెక్కించండి

అసోసియేట్ డిగ్రీతో కేస్ ఎయిడ్, ఫ్యామిలీ సపోర్ట్ వర్కర్, రెసిడెన్షియల్ కౌన్సెలర్, కమ్యూనిటీ హెల్త్ వర్కర్ వంటి ఉద్యోగాలు వస్తాయి. లైసెన్సు ఉన్న సోషల్ వర్కర్‌గా స్వతంత్రంగా చికిత్స చేయాలంటే మాత్రం ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో మాస్టర్స్) తప్పదు. చాలా రాష్ట్రాల్లో సోషల్ వర్కర్ అన్న హోదాను చట్టమే కాపాడుతుంది. రెండేళ్ల డిగ్రీ చేతికి రాగానే ఆ పేరు వాడుకోకూడదు.

అందుకే డిగ్రీ పేరు పక్కనున్న అక్షరాలు చూడాలి. ఏఏఎస్ అని ఉంటే అది నేరుగా ఉద్యోగంలోకి పంపే డిగ్రీ. నాలుగేళ్ల కాలేజీకి మారేటప్పుడు దాని క్రెడిట్లన్నీ చెల్లకపోవచ్చు. ఏఏ లేదా ఏఎస్ అని ఉంటే పై చదువుకు మారడం తేలిక. నా సలహా: బీఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో నాలుగేళ్ల డిగ్రీ) చేసే ఆలోచన లేశమంతైనా ఉంటే ఏఏ, ఏఎస్ వైపే వెళ్లండి. ఏఏఎస్ మాత్రమే ఉన్న కాలేజీ అయితే దగ్గరలోని విశ్వవిద్యాలయంతో క్రెడిట్ల బదిలీ ఒప్పందం ఉందా అని అడిగి, ఆ కాగితం చూపించమనండి. "అన్నీ చెల్లుతాయి" అన్న నోటిమాటకు విలువ లేదు.

ఇప్పటికే భారతదేశంలో డిగ్రీ చేసినవాళ్లు ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. ఎంఎస్‌డబ్ల్యూలో చేరడానికి సోషల్ వర్క్ డిగ్రీయే ఉండాలన్న నియమం లేదు. బీటెక్ అయినా, బీఎస్సీ అయినా సరిపోతుంది. మూడేళ్ల డిగ్రీని మాత్రం కొన్ని విశ్వవిద్యాలయాలు ఇక్కడి నాలుగేళ్ల డిగ్రీకి సమానంగా చూడవు, అది ముందే కనుక్కోండి. మరి డిగ్రీ ఉన్నవాళ్లకు కమ్యూనిటీ కాలేజీ దండగా? కాదు. ఇక్కడి సంక్షేమ వ్యవస్థ ఎలా నడుస్తుందో తెలియకుండా, ఈ పని తమకు సరిపడుతుందో లేదో చూసుకోకుండా మాస్టర్స్ ఫీజు కట్టడం కంటే ఒక సర్టిఫికెటో, రెండు మూడు కోర్సులో ముందు చేయడం తెలివైన పని. కానీ పూర్తి 60 క్రెడిట్లు మళ్లీ చదవాల్సిన అవసరం చాలామందికి ఉండదు.

3. కాలేజీ ఎంచుకోండి

ఈ కోర్సు చెబుతున్న కమ్యూనిటీ కాలేజీలు కొన్ని: న్యూయార్క్‌లో బరో ఆఫ్ మన్‌హాటన్, లాగార్డియా. షికాగో చుట్టుపక్కల కాలేజ్ ఆఫ్ డ్యుపేజ్, హార్పర్. బోస్టన్‌లో బంకర్ హిల్. టెక్సాస్‌లో ఆస్టిన్ కమ్యూనిటీ కాలేజీ. మీ కౌంటీ కాలేజీలో ఇదే కోర్సు బిహేవియరల్ హెల్త్ అనో, సోషల్ సర్వీసెస్ అనో వేరే పేరుతో ఉండవచ్చు. ఒక పేరుతో వెతికి లేదని వదిలేయకండి.

కాలేజీకి సంస్థాగత గుర్తింపు ఉందో లేదో ఫెడరల్ విద్యాశాఖ వెబ్‌సైటులో చూసుకోండి. ఇది లేకపోతే క్రెడిట్లు ఎక్కడా చెల్లవు. హ్యూమన్ సర్వీసెస్ కోర్సుకు ప్రత్యేకంగా గుర్తింపు ఇచ్చే మండలి ఒకటి 1979 నుంచి ఉంది; దాని పొట్టిపేరు సీఎస్‌హెచ్‌ఎస్‌ఈ. ఆ ముద్ర ఉంటే మంచిదే, లేనంత మాత్రాన కోర్సు చెడ్డదని కాదు. నేనైతే ఆ ముద్ర కంటే ఒక ప్రశ్నకు వచ్చే జవాబునే ఎక్కువ నమ్ముతాను: "ఫీల్డ్‌వర్క్ చోటు మీరు చూపిస్తారా, మేమే వెతుక్కోవాలా?" మీరే వెతుక్కోవాలంటే, ఈ దేశానికి కొత్తగా వచ్చినవాళ్లకు అది నెలల తరబడి తిరుగుడు.

4. డబ్బు లెక్క

కాలేజీ పరిధిలోని జిల్లాలోనే ఉండే విద్యార్థికి కమ్యూనిటీ కాలేజీ ట్యూషన్ దేశం మొత్తం మీద సగటున ఏడాదికి 4 వేల డాలర్లకు అటూ ఇటూగా ఉంటుంది. జిల్లా బయటివాళ్లకు, రాష్ట్రం బయటివాళ్లకు, అంతర్జాతీయ విద్యార్థులకు రేటు పెరిగిపోతుంది. హెచ్‌4 వాళ్లను స్థానికులుగా లెక్కించడం ఒక్కో రాష్ట్రంలో ఒక్కో తీరు. మొదటి బిల్లులో బయటివాళ్ల రేటు కనిపిస్తే కట్టేసి ఊరుకోకండి. నివాస ధ్రువీకరణ ఫారం నింపి, అద్దె ఒప్పందం జతచేసి మార్చమని అడగండి. గడువు దాటితే ఆ సెమిస్టర్‌కు మార్చరు.

పౌరులు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లు ఫాఫ్సా (ఫెడరల్ విద్యా సాయం) ఫారం నింపాలి. అందులో పెల్ గ్రాంటు తిరిగి కట్టనక్కర్లేని డబ్బు. 2024-25లో దాని గరిష్ఠ మొత్తం 7,395 డాలర్లు. మనవాళ్లు ఎక్కువగా పొరపడేది ఇక్కడే. బ్యాచిలర్స్ డిగ్రీ ఉన్నవాళ్లకు పెల్ రాదు, ఆ డిగ్రీ భారతదేశంలో తీసుకున్నా సరే. ఫారంలో డిగ్రీ సంగతి దాచిపెడితే తరువాత మార్కుల జాబితాలు పంపినప్పుడు బయటపడుతుంది, డబ్బు వెనక్కి కట్టమంటారు.

హెచ్‌4 వాళ్లకు ఫెడరల్ సాయం లేదు. కాలేజీ ఫౌండేషన్ ఇచ్చే స్కాలర్‌షిప్పులకు మాత్రం వీసాతో పనిలేనివి ఉంటాయి, అడగండి. సోషల్ సెక్యూరిటీ నంబరు లేకపోతే దరఖాస్తులో ఆ గడి ఖాళీగా వదలండి. ఐటీఐఎన్‌ను (పన్నుల కోసం ఇచ్చే నంబరును) ఆ గడిలో రాయకండి, తోచిన అంకెలు అసలే రాయకండి. కాలేజీ తనంతట తాను ఒక విద్యార్థి సంఖ్య ఇస్తుంది.

5. దరఖాస్తు, మార్కుల మదింపు, ప్లేస్‌మెంట్ పరీక్ష

దరఖాస్తు అరగంట పని. జాప్యమంతా మార్కుల జాబితాల దగ్గరే. విదేశీ చదువును మదింపు చేసే సంస్థ ఏదైనా పరవాలేదా, ఫలానాదే కావాలా అని ముందు కాలేజీని అడగండి. అడగకుండా డబ్బు కట్టి, కాలేజీ ఒప్పుకోని నివేదిక తెచ్చుకున్నవాళ్లు ఉన్నారు. క్రెడిట్లు కలవాలంటే కోర్సు వారీ నివేదిక కావాలి. డిగ్రీ సమానమని మాత్రమే చెప్పే నివేదిక చాలదు. మదింపు సంస్థలు చాలావరకు పత్రాలు విశ్వవిద్యాలయం నుంచే నేరుగా రావాలంటాయి. కాబట్టి హైదరాబాదులోనో, విశాఖలోనో ఉన్న అన్నయ్యనో, చిన్ననాటి స్నేహితురాలినో ముందే సిద్ధం చేసుకోండి. ఒకరు స్వయంగా పరీక్షల విభాగానికి వెళ్లి కదిలిస్తే తప్ప ఫైలు కదలని చోట్లు ఇంకా ఉన్నాయి. ఇంటర్ మాత్రమే చదివినవాళ్లకు ఇంత బాధ లేదు.

ఇంగ్లిషు, లెక్కల్లో మీ స్థాయి చూడటానికి చాలా కాలేజీలు అక్యుప్లేసర్ వంటి ప్లేస్‌మెంట్ పరీక్ష పెడతాయి. సిద్ధం కాకుండా వెళ్లి రాయకండి. మార్కులు తగ్గితే డిగ్రీకి లెక్కరాని కింది తరగతుల్లో వేస్తారు, డబ్బు మాత్రం కట్టాలి. నమూనా ప్రశ్నలు ఉచితంగా దొరుకుతాయి. భారతదేశపు డిగ్రీ ఇంగ్లిషు మాధ్యమంలో చేసి ఉంటే పరీక్ష నుంచి మినహాయింపు అడగండి, కొన్ని కాలేజీలు ఇస్తాయి.

6. మొదటి సెమిస్టర్‌లో ఏమి తీసుకోవాలి

హ్యూమన్ సర్వీసెస్ పరిచయ కోర్సు, ఇంగ్లిషు కాంపొజిషన్, వీలైతే సైకాలజీ పరిచయం. ఇంట్లో చిన్నపిల్లలు ఉంటే రెండే చాలు. పరిచయ కోర్సును మాత్రం వాయిదా వేయకండి. ఈ పని మీకు నచ్చుతుందో లేదో చెప్పేది అదే. ఇంగ్లిషు కాంపొజిషన్ ఎందుకంటే, ఈ ఉద్యోగంలో రోజూ చేసే పని నోట్స్ రాయడం.

మేజర్ (మీ ముఖ్య విషయం) కోర్సుల్లో సీ గ్రేడు కంటే తక్కువ వస్తే ఫీల్డ్‌వర్క్‌కు పంపని కాలేజీలు చాలా ఉన్నాయి. ఒక కోర్సు నెగ్గుకురాదని తెలిస్తే, రికార్డులో మచ్చ పడకుండా వదులుకునే చివరి తేదీ ఏమిటో క్యాలెండరులో చూసి ఆలోపే తేల్చుకోండి.

7. ఫీల్డ్‌వర్క్ కాగితాలు ఒక సెమిస్టర్ ముందే మొదలుపెట్టండి

వేలిముద్రలు, నేర చరిత్ర పరిశీలన, టీకాలు, క్షయ పరీక్ష, కొన్నిచోట్ల మత్తుపదార్థాల పరీక్ష అడుగుతారు.

క్షయ పరీక్ష గురించి మనవాళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి. మన భుజం మీద చిన్నప్పటి బీసీజీ టీకా మచ్చ ఉంటుంది. ముంజేతి చర్మం కింద మందు ఎక్కించి, రెండు మూడు రోజుల తరువాత వాపు కొలిచే పరీక్షలో ఆ టీకా వల్లే పాజిటివ్ రావచ్చు. అప్పుడు ఎక్స్‌రే, మళ్లీ డాక్టరు సంతకం, ఈలోపు ఫీల్డ్‌వర్క్ మొదలయ్యే తేదీ దాటిపోతుంది. బదులుగా రక్తపరీక్ష చేయమని మొదటే అడగండి. బీసీజీ దాని ఫలితాన్ని మార్చదు. ఖర్చు కాస్త ఎక్కువ కావచ్చు, బీమా ఎంత భరిస్తుందో ముందే కనుక్కోండి.

8. ఫీల్డ్‌వర్క్‌లో నిలదొక్కుకోండి

సీఎస్‌హెచ్‌ఎస్‌ఈ ప్రమాణం ప్రకారం అసోసియేట్ డిగ్రీకి కనీసం 250 గంటల ఫీల్డ్‌వర్క్ ఉండాలి. ఈ గంటల్లో నేర్చుకున్నదే రేపు ఉద్యోగంలో అక్కరకొస్తుంది.

చోటు ఎంచుకోవడంలో నా అభిప్రాయం ఒకటి. దక్షిణాసియా మహిళల కోసం పనిచేసే సంస్థలు ఈ దేశంలో చాలాకాలంగా ఉన్నాయి: న్యూజెర్సీలో 1985లో మొదలైన మానవి, న్యూయార్క్‌లో 1989 నాటి సఖి, డాలస్‌లో చేతన, హ్యూస్టన్‌లో దయ, అట్లాంటాలో రక్ష, బే ఏరియాలో మైత్రి. తెలుగు తెలిసినవాళ్ల అవసరం అక్కడ నిజంగా ఉంది. అయినా మొదటి ఫీల్డ్‌వర్క్ కౌంటీ కార్యాలయంలోనో, అన్ని రకాల మనుషులూ వచ్చే సంస్థలోనో చేయండి. ఫుడ్ స్టాంపులు (తిండికి ప్రభుత్వ సాయం), మెడికెయిడ్ (తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు ప్రభుత్వ ఆరోగ్య బీమా), అద్దె సాయం ఎలా నడుస్తాయో అక్కడ వంటబడుతుంది. తరువాత మనవాళ్ల సంస్థలకు ఆ అనుభవంతో వెళ్తే మీవల్ల ఎక్కువ ఉపయోగం. ఈలోపు ఆ సంస్థల్లో వలంటీరు శిక్షణ తీసుకోవచ్చు. కాలిఫోర్నియా, ఇల్లినాయ్ వంటి రాష్ట్రాల్లో గృహహింస బాధితులతో పనిచేయడానికి 40 గంటల శిక్షణ ఉండాలి.

ఇక మాట్లాడే తీరు. మనం పెరిగిన పద్ధతిలో కష్టం చెప్పుకున్నవాళ్లకు వెంటనే సలహా ఇవ్వడం ప్రేమ. ఇక్కడ అది అడ్డు. ఒకామె వచ్చి "ఇంట్లో ఏమీ బాగోలేదండీ" అందనుకోండి. "అన్ని ఇళ్లలో ఉండేదే, కాస్త ఓపిక పట్టండి" అంటే ఆమె మళ్లీ రాదు. "ఆయన కొట్టారా?" అని సూటిగా అడిగితే లేదని తల ఊపి లేచిపోవచ్చు. "బాగోలేదంటున్నారు. ఈ వారం ఎలా గడిచిందో, చెప్పగలిగినంత చెప్పండి" అని ఆగండి. ఆ తరువాతి నిశ్శబ్దాన్ని మాటలతో నింపకండి.

తెలుగువాళ్లు ఎదురుపడితే ఇంకో జాగ్రత్త. మన అలవాటు కొద్దీ "మీది ఏ ఊరు? ఇంటిపేరు ఏమిటి?" అని అడుగుతాం. సాయం కోసం వచ్చిన మనిషికి ఆ ప్రశ్న వినగానే గుండె జారిపోతుంది. ఈమె మా అత్తగారి బంధువులకు తెలిసినావిడేమో, ఈ మాట గుంటూరు దాకా పోతుందేమో అని. ఊరు, కులం, బంధుత్వం తెలిసే ప్రశ్నలు పనికి అవసరమైతే తప్ప అడగవద్దు. గుడిలో ఎదురుపడితే మీరుగా పలకరించకండి, వాళ్లు పలకరిస్తేనే మాట్లాడండి. పేరు చెప్పకపోయినా సరే, వాళ్ల కథను వాట్సాప్ గ్రూపులో గానీ భోజనాల దగ్గర గానీ చెప్పకండి. చిన్న సమాజంలో రెండు వివరాలు చాలు, మనిషిని పోల్చేస్తారు.

రహస్యానికి హద్దులున్నాయని కూడా మొదటి సమావేశంలోనే చెప్పాలి. పిల్లల మీద హింస జరుగుతోందన్న అనుమానం వస్తే ఫిర్యాదు చేయడం ఈ రంగంలో పనిచేసేవాళ్లకు దాదాపు అన్ని రాష్ట్రాల్లో చట్టరీత్యా తప్పనిసరి. ప్రాణాపాయం ఉన్నా మౌనంగా ఉండకూడదు. మీ రాష్ట్ర నిబంధన ఏమిటో సూపర్‌వైజర్‌ను మొదటి వారంలోనే అడిగి రాసుకోండి. ఆత్మహత్య ఆలోచనలు ఉన్నవాళ్లకు ఇవ్వాల్సిన దేశవ్యాప్త నంబరు 988. అది 2022 జూలై నుంచి పనిచేస్తోంది.

నోట్స్ రాయడంలో అందరూ చేసే తప్పు, చూసినది కాకుండా అనుకున్నది రాయడం. "క్లయింటు మొండిగా ఉన్నారు" అన్నది మీ తీర్పు. "అద్దె గురించి రెండుసార్లు అడిగాను. జవాబు చెప్పలేదు, చేతులు కట్టుకుని తలుపు వైపు చూశారు" అన్నది నోట్. రేపు ఆ కాగితం కోర్టుకు వెళ్లవచ్చని గుర్తుంచుకుని రాయండి.

చేయకూడనివి ఇంకొన్ని: సొంత ఫోను నంబరు ఇవ్వడం, అప్పివ్వడం, సంస్థ అనుమతి లేకుండా మీ కారులో తీసుకెళ్లడం, తల్లిదండ్రుల మాటలను పిల్లల చేత అనువదింపజేయడం. మీ జీవితంలో కూడా ఇలాంటి గాయమే ఉంటే, విన్న మాటలు రాత్రి నిద్ర పట్టనివ్వకపోతే, సూపర్‌వైజర్‌కు చెప్పండి. ఆమె ఉన్నదే అందుకు.

దారిలోనే ఉన్నారా అని ఎలా చూసుకోవాలి

ప్రతి సెమిస్టర్ చివర కాలేజీ పోర్టల్‌లో డిగ్రీ ఆడిట్ (డిగ్రీకి ఏవి పూర్తయ్యాయో, ఏవి మిగిలాయో చూపే పట్టిక) తెరవండి. మీరు చదివిన కోర్సు "ఐచ్ఛికం" కింద తేలితే అది మేజర్‌కు లెక్కరాలేదన్నమాట. వెంటనే సలహాదారును కలవండి. ఫీల్డ్‌వర్క్ గంటల పట్టికపై ప్రతి వారం సంతకం తీసుకోండి. సూపర్‌వైజర్ ఉద్యోగం మారిపోయాక పాత గంటలకు సంతకం పెట్టించుకోవడం నరకం. మాట్లాడే నైపుణ్యం పెరిగిందో లేదో చూడాలంటే తోటి విద్యార్థితో పది నిమిషాల ఉత్తుత్తి ఇంటర్వ్యూ రికార్డు చేసి వినండి. మీ గొంతే ఎక్కువసేపు వినిపిస్తుంటే ఇంకా సాధన కావాలి.

9. ఉద్యోగానికి

ఆఖరి సెమిస్టర్ మొదట్లోనే దరఖాస్తులు పెట్టండి. కౌంటీ ఉద్యోగాల ఎంపికకు నెలలు పడుతుంది. లాభాపేక్ష లేని సంస్థలు త్వరగా తీసుకుంటాయి. ఫీల్డ్‌వర్క్ చేసిన చోటే మొదట అడగండి. రెజ్యూమెలో ఎన్ని గంటలు చేశారో, ఏ రకం ఫారాలు నింపించారో, ఏ సేవలకు పంపారో రాయండి. క్లయింట్లను గుర్తుపట్టే వివరం ఒక్కటీ ఉండకూడదు. తెలుగు, హిందీ, ఉర్దూ వస్తే పైనే రాయండి. రెండు భాషలకు అదనపు వేతనం ఇచ్చే చోట భాషా పరీక్ష పెడతారు, దానికి సిద్ధంగా ఉండండి.

ఆఫర్ వచ్చాక సంతకం చేయకముందు నాలుగు మాటలు అడగండి: ఒకేసారి ఎన్ని కేసులు చూడాలి, వారానికి ఒకసారైనా సూపర్‌వైజర్‌తో కూర్చోవడం ఉంటుందా, సొంత కారు వాడితే మైలుకు ఎంత ఇస్తారు, బీఎస్‌డబ్ల్యూ చదివితే ఫీజులో కొంత భరిస్తారా. మొదటి రెండింటికీ సూటి జవాబు రాకపోతే, ఇంకో ఆఫర్ చేతిలో ఉన్నప్పుడు దాన్నే తీసుకోండి.